ఓడలు మోసుకొచ్చే నీళ్లకు కాపలా ఎవరు?

కాలువగట్టు
మాది సూళ్లూరుపేట. అత్తగారి ఊరు చెన్నైకి ఉత్తరాన, ఎన్నూరు వాగు ఒడ్డున. పోయిన వారం వెళ్లినప్పుడు మా బావమరిది అరికాళ్లు చూసి కంగారుపడ్డాను. బ్లేడు పెట్టి గీసినట్టు సన్నటి గాట్లు, కొన్ని మానినవి, కొన్ని ఇంకా పచ్చివి. వాళ్లు వల వేయరు. నడుములోతు నీళ్లలో వంగి, బురదలో చేత్తో తడిమి రొయ్యలు పట్టి, పళ్ల మధ్య కరిచి పట్టుకున్న తాటాకు బుట్టలో వేసుకుంటారు. "బురద ఎక్కడుంది బావా, కాలు పెడితే గుల్లే" అన్నాడు. నీళ్లలో చెయ్యి పెట్టి ఒక ముద్ద పీకి చూపించాడు. గుప్పెడంత ముద్దలో ముప్పై దాకా నల్లటి చిన్న గుల్లలు, ఒకదానికొకటి నారతో కుట్టినట్టు అతుక్కుని ఉన్నాయి. రొయ్య దాక్కునే మెత్తటి నేలమీద ఇవి చాప పరిచినట్టు పరుచుకున్నాయట. వాళ్లు అమ్ముకునే పసుపు మట్టి గుల్లలు దాని కింద ఊపిరాడక చచ్చిపోతున్నాయి. అక్కడివాళ్లు దీన్ని కాకా ఆళి అంటారు. దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో నింపుకొచ్చిన నీళ్లలో వచ్చిందని చెబుతున్నారు.

నాకు అర్థం కానిది ఒకటే. సరుకు మోయాల్సిన ఓడ నీళ్లు మోయడం ఎందుకు? మోసినా, తెచ్చి మన వాగులో పారబోసే హక్కు ఎవరిచ్చారు? దీనికి చట్టం లేదా?

లంగరు
ఇరవై రెండేళ్లు ఓడల మీద పనిచేశాను, చివరి తొమ్మిదేళ్లు చీఫ్ ఆఫీసరుగా. బ్యాలస్ట్ లెక్క నా మెడకే ఉండేది కాబట్టి చెబుతాను.

ఖాళీ ఓడ నీళ్లమీద బెండులా తేలుతుంది. ప్రొపెల్లర్ సగం బయటికి వస్తుంది, చుక్కాని మాట వినదు, పక్కగాలి కొడితే వంగిపోతుంది. అందుకే సరుకు దించిన రేవులోనే సముద్రపు నీళ్లు అడుగు ట్యాంకుల్లోకి, పక్క ట్యాంకుల్లోకి పంపు చేసి బరువు పెంచుతాం. అదే బ్యాలస్ట్. సరుకు ఎక్కించే రేవుకు చేరాక, పైనుంచి సరుకు పడుతుంటే పక్కనుంచి నీళ్లు వదులుతాం. రెండూ ఒకేసారి జరగాలి, లేకపోతే ఓడ మధ్యలో విరిగేంత ఒత్తిడి పడుతుంది. పెద్ద ఖనిజం ఓడ ఒక్కటే యాభై అరవై వేల టన్నుల నీళ్లు మోస్తుంది.

పూర్వం తెరచాప ఓడల్లో రాళ్లు, ఇసుక వేసేవారు. రాయిలో గుడ్లు పెట్టే చేప లేదు. నీళ్లలో మాత్రం ఊరంతా ఉంటుంది.

ఖాజా_కాకినాడ
అంటే మనవాళ్లు పుట్టింటి నుంచి ఆవకాయ జాడీ మోసినట్టు, ఓడ పాత రేవు నీళ్లు మోసుకొస్తుందన్నమాట.

లంగరు
ఆవకాయలో పురుగు బతకదు. ఇందులో బతుకుతుంది.

అనుమానపక్షి
@కాలువగట్టు, బాధ అర్థమైంది. అయినా అన్నీ ఓడమీదికి తోసేయకండి. ఎన్నూరు వాగులో బూడిద ఎన్నేళ్లుగా పడుతోంది? థర్మల్ కేంద్రాల వేడినీళ్లు, పూడిక, ఆక్రమణలు. వాగు ముందే సగం చచ్చింది, అందుకే పై ఊరి గుల్లకు చోటు దొరికింది. ఆరోగ్యంగా ఉన్న నేలలో కలుపు ఇంతలా పెరగదు.

కాలువగట్టు
బూడిద సంగతి నాకూ తెలుసు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. బూడిద పడిన ఏళ్లలోనూ రొయ్య దొరికింది. అయినా ఇల్లు పాతదైతే దొంగది తప్పు కాకుండా పోతుందా?

గుల్లల_మాష్టారు
ఇద్దరి మాటలోనూ నిజముంది. విశాఖలో ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినవాణ్ని, కాస్త వెనక్కి తీసుకెళ్తాను.

ఈ కథ మన దగ్గర ఎన్నూరుతో మొదలు కాలేదు. 1967లో విశాఖపట్నం రేవులో ఒక పరాయి గుల్ల కనబడింది. దాని సొంతూరు కరిబియన్ తీరం. ఇప్పటి పేరు మైటిలాప్సిస్ సల్లీ, అప్పట్లో కాంజీరియా అనేవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణపతి గారు, ఆయన సహచరులు 1971లో కరెంట్ సైన్స్ పత్రికలో దాని గురించి రాశారు. మేం విద్యార్థులుగా ఇన్నర్ హార్బర్‌కు వెళితే కర్రలు, గొలుసులు, బోట్ల అడుగులు అన్నీ దాని గుత్తులే. గరిటెతో గీకి బకెట్లలో నింపేవాళ్లం. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. అన్నం సహించేది కాదు.

దాని బలం ఏమిటంటే, వానాకాలపు మంచినీళ్లనీ ఎండాకాలపు ఉప్పునీళ్లనీ రెండింటినీ తట్టుకుంటుంది. మేహాద్రిగెడ్డ వరద నీళ్లు రేవులోకి వచ్చి స్థానిక గుల్లలు చచ్చినా ఇది బతికింది. మీ బావమరిది చూపించినది బహుశా వేరే జాతి, మైటెల్లా. కేరళ అష్టముడి సరస్సులో కూడా అదే దిగి, అక్కడి గుల్లల వేటను దెబ్బతీసింది.

యారాడ_గాలి
మా నాన్న పోర్టు ఉద్యోగి. ఆ గుల్లల్ని "అమెరికా గుల్ల" అనేవారు మా ఇంట్లో. అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

మిషిగన్_మామయ్య
అమెరికా వెళ్లాలంటే మనకు లాటరీలు, స్టాంపింగులు. అమెరికా గుల్ల మాత్రం వీసా లేకుండా వచ్చి సెటిలైపోయింది.

అనుమానపక్షి
@గుల్లల_మాష్టారు, ఒక్క ప్రశ్న. విశాఖలో ఎక్కువ ఓడలు ఖనిజం కోసం జపాన్ నుంచి ఖాళీగా వచ్చేవి. కొత్తవలస–కిరండూల్ రైలు లైను వేసింది కూడా బైలదిల్లా ఖనిజం జపాన్‌కు పంపడానికే. మరి కరిబియన్ గుల్ల జపాన్ నీళ్లలో ఎలా వస్తుంది? అది నీళ్లలో రాలేదు, ఏదో ఓడ అడుగు రేకుకు అతుక్కుని వచ్చింది. బ్యాలస్ట్ మీద ఎన్ని చట్టాలు చేసినా దాన్ని ఆపగలిగేవి కాదు.

గుల్లల_మాష్టారు
సరిగ్గా పట్టుకున్నారు. ఓడ అడుగుకు అతుక్కుని వచ్చిందనే ఎక్కువమంది అభిప్రాయం, నాదీ అదే. నీళ్లలో లార్వాగా వచ్చేవి కొన్ని, రేకుకు అతుక్కుని వచ్చేవి కొన్ని, రెండు దారుల్లోనూ వచ్చేవి కొన్ని. ఎన్నూరు గుల్ల ఏ దారిన వచ్చిందో వేలు పెట్టి చూపించడం కష్టం. రేవు పక్కనే దిగింది కాబట్టి ఓడలోనే వచ్చిందనడం వరకు న్యాయం.

దక్షిణార్ధగోళం
మాష్టారు చెప్పిన విశాఖ గుల్లే ఇక్కడ ఆస్ట్రేలియాలో 1999లో డార్విన్ మరీనాలో, అంటే పడవలు కట్టేసుకునే చిన్న రేవులో, కనబడింది. వీళ్లేం చేశారో తెలుసా? అక్కడి మరీనాలకు నీటి తలుపులు ఉంటాయి, వాటిని మూసేశారు. లోపల క్లోరిన్, మైలుతుత్తం కుమ్మరించారు. గుల్లతో పాటు లోపలున్నవన్నీ చచ్చాయి. అక్కడి నుంచి బయటికి వెళ్లిన పడవల్ని వెతికి పట్టుకుని పరీక్షించారు. ఇరవై లక్షల డాలర్ల పైనే ఖర్చు. కొన్ని వారాల్లో ఒక్క గుల్ల లేకుండా తుడిచేశారు. సముద్రంలో స్థిరపడిన పరాయి జీవిని పూర్తిగా నిర్మూలించిన సందర్భాలు ప్రపంచంలో వేళ్లమీద లెక్కపెట్టవచ్చు, ఇది ఒకటి.

రొయ్యలరైతు
విశాఖలో 1967, డార్విన్‌లో 1999. గుల్ల ఒకటే. వాళ్లు నెలలో తేల్చారు, మనం పేరు పెట్టి ఊరుకున్నాం.

గుల్లల_మాష్టారు
కొంచెం న్యాయంగా మాట్లాడుకుందాం. డార్విన్‌లో తలుపు మూయగలిగారు. విశాఖ రేవుకు తలుపు ఎక్కడుంది?

దక్షిణార్ధగోళం
నిజమే. తలుపు లేని చోట వీళ్లూ చేతులెత్తేశారు. నేనుండే మెల్‌బోర్న్‌లో పోర్ట్ ఫిలిప్ అఖాతం ఉంది. 1995లో ఉత్తర పసిఫిక్ నక్షత్ర చేప ఇక్కడ కనబడింది, అంతకుముందు టాస్మేనియాలో ఉండేది. ఒక్క ఆడది కోటికి పైగా గుడ్లు పెడుతుంది. గుల్లలు, ఆల్చిప్పలు, ఏది దొరికితే అది తింటుంది. మా వీధి పిల్లలు జెట్టీ మీద గాలం వేస్తే చేపకు బదులు అదే వస్తుంది, పసుపు ఒళ్లు, ఊదా రంగు కొసలు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, అదొక దరిద్రం. ఆ దెబ్బ తిన్నాకే 2001 నుంచి విదేశీ ఓడల బ్యాలస్ట్ మీద ఆస్ట్రేలియా తప్పనిసరి నిబంధనలు పెట్టింది.

మిషిగన్_మామయ్య
మా దగ్గర జీబ్రా గుల్ల. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో కనబడింది. మరుసటి ఏడాదికే మన్రో అనే పట్టణంలో నీటి గొట్టాల్లో గుల్లలు కిక్కిరిసి తాగునీళ్లు ఆగిపోయాయి. ఇది దక్షిణ అమెరికా నుంచే వచ్చిందనుకుంటా.

గుల్లల_మాష్టారు
కాదండీ. జీబ్రా గుల్ల నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతపుది. దానికి బదులుగా అమెరికా తూర్పు తీరం నుంచి నల్ల సముద్రానికి దువ్వెన జెల్లీ అనే జెల్లీచేప లాంటి జీవి వెళ్లింది, 1980ల మొదట్లో. ప్లవకాల్నీ (నీళ్లలో తేలే చిన్న జీవుల్నీ), చేప గుడ్లనీ, పిల్లల్నీ మింగేసింది. ఆ దశాబ్దం చివరికి అక్కడ నెత్తళ్ల వేట కుప్పకూలింది.

ఖాజా_కాకినాడ
కుండమార్పిడి పెళ్లి అన్నమాట. ఇటు పిల్ల అటు, అటు పిల్ల ఇటు.

అనుమానపక్షి
నల్ల సముద్రంలో అంతకుముందే నెత్తళ్లను విపరీతంగా పట్టేశారు, అది కూడా చెప్పాలి కదా మాష్టారూ.

గుల్లల_మాష్టారు
చెప్పాలి. అదీ ఒక కారణమే. తమాషా ఏమిటంటే 1997లో ఈ జెల్లీనే తినే ఇంకో జెల్లీ, అది కూడా ఓడల్లోనే వచ్చిందంటారు, అక్కడ దిగాక మొదటిది తగ్గింది. అలాగని పాముని చంపడానికి ముంగిసని ఇంపోర్టు చేయమని ఎవరూ అడగకండి.

రొయ్యలరైతు
నాకు కడుపు మండే సంగతి ఒకటుంది. మాది భీమవరం పక్కన, పదెకరాల వెనామీ చెరువులు. 2009లో వెనామీకి అనుమతి ఇచ్చినప్పటి నుంచి తల్లిరొయ్య విదేశాల నుంచి విమానంలో దిగితే, చెన్నై నీలాంగరైలో క్వారంటైన్‌లో పెట్టి పరీక్షించి గానీ హేచరీకి వదలరు. మంచిదే, రోగాలు రాకూడదు. నేను చెరువులోకి కాలువ నీళ్లు పెట్టాలంటే సన్నటి వలసంచితో వడకట్టి, బ్లీచింగ్ కొట్టి, క్లోరిన్ వాసన పోయేదాకా ఆగుతాను. ఎకరం చెరువుకు ఇంత తతంగం ఉంటే, యాభై వేల టన్నుల పరాయి నీళ్లు కాకినాడలోనో విశాఖలోనో వదులుతుంటే అడిగేవాడు లేడా?

లంగరు
అడిగేవాడు పుట్టాడు, కానీ ఆలస్యంగా.

ఐఎంఓ, అంటే ఓడల మీద అంతర్జాతీయ నియమాలు చేసే ఐక్యరాజ్యసమితి సంస్థ, 2004 ఫిబ్రవరిలో లండన్‌లో బ్యాలస్ట్ నీటి ఒప్పందం ఆమోదించింది. అమల్లోకి రావాలంటే 30 దేశాలు చేరాలి, వాటి ఓడల మొత్తం ప్రపంచ టన్నేజీలో 35 శాతం ఉండాలి. దేశాల సంఖ్య తొందరగానే దాటింది. టన్నేజీ దగ్గర ఏళ్ల తరబడి ఆగింది. 2016 సెప్టెంబరులో ఫిన్లాండ్ చేరితే అప్పుడు 35 దాటింది, అదీ చుక్క తర్వాత అంకెల్లో. ఏడాది తర్వాత, 2017 సెప్టెంబరు 8న అమలు.

అందులో రెండు మెట్లు. డీ-1 అంటే మార్పిడి: తీరానికి 200 నాటికల్ మైళ్ల అవతల, కనీసం 200 మీటర్ల లోతున్న చోట పాత నీళ్లు తీసేసి సముద్రపు నీళ్లు నింపాలి, కనీసం 95 శాతం మారాలి. అంత దూరం కుదరకపోతే 50 మైళ్లు. తీరపు జీవి నడిసముద్రంలో బతకదు, నడిసముద్రపు జీవి రేవులో బతకదు అన్నది దాని తర్కం. డీ-2 అంటే శుద్ధి: ఓడలోనే యంత్రం పెట్టి చంపి వదలాలి. 2024 సెప్టెంబరు 8 నాటికి అన్ని ఓడలూ డీ-2కి రావాలని గడువు.

లెక్కలపిచ్చి
డీ-2లో ఎన్ని బతికి ఉండొచ్చు? సున్నానా?

లంగరు
సున్నా కాదు. 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఆ పైన ఉన్నవి ఘనపు మీటరుకు పది లోపు. 10 నుంచి 50 మైక్రాన్ల మధ్యవి మిల్లీలీటరుకు పది లోపు. కలరా క్రిమి, ఈ.కోలి, ఎంటరోకోకస్‌లకు వేరే హద్దులు.

లెక్కలపిచ్చి
అరవై వేల టన్నులంటే సుమారు అరవై వేల ఘనపు మీటర్లు. పది చొప్పున ఆరు లక్షల పెద్ద జీవులు, చట్టబద్ధంగా. చిన్నవి అయితే ఘనపు మీటరుకు కోటి, మొత్తం అరవై వేల కోట్లు. ఇది శుద్ధి చేసిన నీళ్లా? మా ఊరి ట్యాంకు నయం.

గుల్లల_మాష్టారు
లెక్క తప్పు లేదు, భయం కొంచెం ఎక్కువ. శుద్ధి చేయని తీరపు నీళ్లలో ఘనపు మీటరుకు పెద్ద జీవులే వేలల్లో ఉంటాయి. ఒక గుల్ల లార్వా కొత్త రేవులో స్థిరపడాలంటే తిండి దొరకాలి, ఎవరి నోటా పడకూడదు, అతుక్కోవడానికి చోటు కావాలి, పెద్దయ్యాక పక్కనే జోడు ఉండాలి. వందకు ఒకటి కూడా నిలవదు. దిగేవాటి సంఖ్య తగ్గించే కొద్దీ జోడు దొరికే అవకాశం ఇంకా వేగంగా పడిపోతుంది. చట్టం పందెం కాసింది దాని మీదే. చిన్నవాటితో మాత్రం నాకూ బెంగే, విషపు నాచులకు జోడు కూడా అక్కర్లేదు.

యారాడ_గాలి
కలరా క్రిమి ఎందుకు ఉంది లిస్టులో? ఓడలో కలరా?

గుల్లల_మాష్టారు
1991లో పెరూలో మొదలై లాటిన్ అమెరికా అంతా కలరా చుట్టేసింది. ఆ రోజుల్లోనే అమెరికా గల్ఫ్ తీరపు రేవులకొచ్చిన 19 ఓడల్ని పరీక్షిస్తే ఐదింటి నీళ్లలో ఆ క్రిమి దొరికింది. అక్కడి మొబైల్ అనే అఖాతంలో ఆయిస్టర్ల వేట కూడా ఆపాల్సి వచ్చింది.

అనుమానపక్షి
@లంగరు, మార్పిడి నిజంగా చేసేవారా? సముద్రం మధ్యలో చూసేదెవరు?

లంగరు
ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెబుతాను. చాలామంది చేశారు. కొందరు పుస్తకంలో చేశారు. బ్యాలస్ట్ రికార్డు బుక్‌లో రాసేది మేమే, సంతకం పెట్టేది మేమే. పిల్లికి ఎలుక సాక్ష్యం.

కానీ చేయడం తేలిక కూడా కాదు. జులైలో అరేబియా సముద్రం, రాత్రి రెండు. ఒక్కో ట్యాంకు ఖాళీ చేసి నింపితే సగం ఖాళీ ట్యాంకులో నీళ్లు అటూ ఇటూ కొట్టుకుని గోడలు మోగుతాయి, మంచం మీద పడుకుంటే కింద ఎవరో డ్రమ్ము కొడుతున్నట్టుంటుంది. ఖాళీ చేయకుండా పొర్లించే పద్ధతిలో ట్యాంకుకు మూడింతల నీళ్లు పంపు చేయాలి, డెక్కంతా పొర్లుతుంది. 2006లో కూగర్ ఏస్ అనే కార్ల ఓడ అలాస్కా దిగువన బ్యాలస్ట్ మారుస్తూ పక్కకు ఒరిగిపోయింది, అరవై డిగ్రీల దాకా. లోపల నాలుగు వేలకు పైగా కొత్త కార్లు. ఓడ మునగలేదు గానీ దాన్ని కాపాడడానికి వెళ్లిన ఒక నిపుణుడు పోయాడు.

కొలంబో నుంచి చెన్నైకి తీరం వెంట వచ్చే ఓడకు 200 మైళ్ల దూరమే దొరకదు, అది వేరే సంగతి.

ఖాజా_కాకినాడ
ఆ కార్లు ఏమయ్యాయి? తక్కువ ధరకు అమ్మలేదు కదా?

లంగరు
తుక్కు చేశారు. ఎగబడకండి.

దక్షిణార్ధగోళం
యంత్రం వచ్చాక బాగుపడిందా?

లంగరు
నా చివరి రెండు ఓడల్లో యంత్రాలు ఉన్నాయి. ఒకదాంట్లో వడపోత, తర్వాత అతినీలలోహిత దీపాలు. ఇంకోదాంట్లో సముద్రపు ఉప్పు నుంచే కరెంటుతో క్లోరిన్ తయారుచేసి చంపడం, వదిలేముందు మిగిలిన క్లోరిన్‌ని ఇంకో రసాయనంతో విరిచేయడం.

దీపాల యంత్రం తేటనీళ్లలో బంగారం. హుగ్లీలో లంగరేసి ఆన్ చేస్తే పాలు కలిపిన టీలో టార్చి వేసినట్టే. వెలుగు లోపలికి చొరదు, ఫిల్టరు ఐదు నిమిషాలకోసారి మూసుకుపోతుంది, అలారం ఆగదు. అవతల రేవు మనిషి తొందరపెడుతుంటాడు, ఓడ ఒక్క రోజు ఆగితే వేల డాలర్ల నష్టం. క్లోరిన్ యంత్రానికి మంచినీళ్లంటే పడదు, ఉప్పు లేకపోతే క్లోరిన్ ఎక్కడినుంచి వస్తుంది? నదీముఖం రేవుల్లో అదీ నసుగుతుంది. 2024లో ఐఎంఓ దీనికి దారి చెప్పింది. అలాంటి చోట యంత్రాన్ని పక్కనపెట్టి నింపుకోండి, నడిసముద్రంలో ఆ నీళ్లు తీసేసి ట్యాంకు కడిగి, శుద్ధిచేసిన నీళ్లు నింపండి అని. అంటే తిరిగి తిరిగి పాత మార్పిడి దగ్గరికే వచ్చాం, ఈసారి యంత్రం ఖర్చుతో కలిపి.

లెక్కలపిచ్చి
ఖర్చెంత?

లంగరు
ఓడ పరిమాణాన్ని బట్టి. అమర్చే ఖర్చుతో కలిపి లక్షల డాలర్లలో మొదలై పెద్ద ఓడకు పది లక్షలు దాటుతుంది.

మిషిగన్_మామయ్య
అమెరికా ఆ ఒప్పందంలో లేదు. కోస్ట్‌గార్డ్ 2012లో సొంత నియమాలు పెట్టింది. అంకెలు దాదాపు అవే. తేడా ఒక్క మాటలో ఉంది. దీపం కాంతి పడ్డ జీవి వెంటనే చావదు, పిల్లల్ని కనలేదు అంతే. ఐఎంఓ దాన్ని చచ్చినదాని కింద లెక్క వేస్తుంది. కోస్ట్‌గార్డ్ కదులుతోంది కాబట్టి బతికున్నట్టే అంది. దీపాల కంపెనీలు లబోదిబోమన్నాయి.

ఖాజా_కాకినాడ
బ్రహ్మచారిగా బతికినా బతుకే అని అమెరికా తీర్పు.

రొయ్యలరైతు
ఈ నియమాలతో ఎక్కడైనా మేలు జరిగిందా, అది చెప్పండి.

మిషిగన్_మామయ్య
జరిగింది, మా దగ్గరే. మహాసరస్సులకు వచ్చే ఓడలు ముందు ఉప్పునీళ్లతో ట్యాంకులు కడుక్కోవాలని 2006లో కెనడా, 2008లో సెయింట్ లారెన్స్ జలమార్గం వాళ్లు పట్టుబట్టారు. "బ్యాలస్ట్ లేదు" అని రాయించుకునే ఓడలకు కూడా. ఎందుకంటే ఖాళీ ట్యాంకు అడుగున బురద ఉంటుంది. ఆ తర్వాత కొత్తగా వచ్చే జీవులు బాగా తగ్గాయి. పాతవి పోలేదు, జీబ్రా గుల్ల మా వేసవి ఇంటి మెట్లమీద ఇప్పటికీ ఉంది.

లంగరు
బురద మాట వచ్చింది కాబట్టి. ఒకసారి డ్రైడాక్‌లో, అంటే నీళ్లు తోడేసి ఓడను మరమ్మతు చేసే చోట, ట్యాంకు మూత తీశాం. గాలి పంపి, ఆక్సిజన్ 20.9 శాతం చూపించాక దిగాను. మోకాళ్ల మీద పాకాలి, అంత ఇరుకు. అడుగున చీలమండల దాకా మెత్తటి బూడిదరంగు బురద, పెరుగు మీగడలా. టార్చి వేస్తే మూలన ఏదో కదిలింది. పీత. రూపాయి బిళ్లంత. ఆ ట్యాంకు చివరిసారి నింపి నాలుగు నెలలు దాటింది. అది ఏం తిని బతికిందో ఆ దేవుడికే తెలియాలి. అప్పటిదాకా నేను కూడా ఈ గొడవంతా పర్యావరణవాదుల చాదస్తం అనుకునేవాణ్ని.

గుల్లల_మాష్టారు
పీత ఇంకా నయం, కంటికి కనబడింది. విషపు నాచుల బీజాలు ఆ బురదలో ఏళ్లపాటు నిద్రపోతాయి.

కాలువగట్టు
మరి మన దేశం ఆ ఒప్పందంలో ఉందా లేదా?

యారాడ_గాలి
2015లో కేంద్ర మంత్రివర్గం చేరడానికి ఆమోదం తెలిపింది, చట్ట సవరణ బిల్లు కూడా పెట్టారు. 2017లో ప్రపంచమంతా అమలు మొదలైన రోజుకు మాత్రం మనం సభ్యులం కాదు. తమాషా ఏమిటంటే, అంతకు చాలాముందే 2000లో ఐఎంఓ ప్రయోగాత్మకంగా ఎంచుకున్న ఆరు దేశాల్లో మనమూ ఉన్నాం, ముంబై రేవుతో. గోవా సముద్ర శాస్త్ర సంస్థ వాళ్లు రేవుల్లో ఏ జీవులున్నాయో సర్వేలు కూడా చేశారు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా.

లంగరు
అసలు విడ్డూరం ఇది. మన జెండా ఉన్న ఓడ సింగపూరు, రాటర్‌డామ్ వెళ్లాలంటే యంత్రం ఉండాల్సిందే. లేకపోతే అక్కడ ఆపేస్తారు. అంటే పరాయి రేవును కాపాడడానికి కోట్లు పెట్టి యంత్రం కొంటాం.

అనుమానపక్షి
సరే, నేను ఓడిపోలేదు గానీ కొంచెం జరిగాను. చట్టం కావాలి. కానీ మాష్టారు ఒప్పుకున్నట్టు ఓడ అడుగుకు అతుక్కుని వచ్చేవాటి మాట ఏమిటి? దానికి ఐఎంఓ 2011లో మార్గదర్శకాలు ఇచ్చి 2023లో సవరించింది, అంతా ఐచ్ఛికమే. ముందు తలుపుకు తాళం వేసి దొడ్డి తలుపు తెరిచిపెట్టినట్టు.

దక్షిణార్ధగోళం
న్యూజిలాండ్ అడుగు రేకు శుభ్రంగా లేని ఓడల్ని వెనక్కి పంపేస్తుంది. అక్కడ అది ఐచ్ఛికం కాదు.

కాలువగట్టు
మా వాగు విషయం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. గుల్లలు ఎవరు తీయించాలి, ఎవరు డబ్బు పెట్టాలి అన్నచోట వాదన నడిచింది. మా బావమరిదికి ఆ గొడవ అర్థం కాదు. రబ్బరు బూట్లు కొనిచ్చాను. వేసుకుంటే కాలికి రొయ్య స్పర్శ తెలియడం లేదని విప్పి పక్కన పెట్టాడు.

రొయ్యలరైతు
పులికాట్ సరస్సుకు పాకిందా? అది మన వైపు కూడా ఉంది కదా.

కాలువగట్టు
తమిళనాడు వైపు ఉందన్నారు. మన వైపు రాయదొరువు దగ్గర ముఖద్వారం పూడిపోయి నీళ్లు సరిగా ఆడవు, చేరిందో లేదో నేనైతే చూడలేదు. మాష్టారూ, కనబడితే ఏ గుల్లో ఎలా గుర్తుపట్టాలి? నా దగ్గర ఎన్నూరు నుంచి తెచ్చిన నాలుగు గుల్లలు ఉన్నాయి, ఎండబెట్టాను.

గుల్లల_మాష్టారు
తేలిక. చిప్ప తెరిచి లోపల మొన వైపు చూడండి. అక్కడ చిన్న అరుగులాంటి పలక అడ్డంగా ఉంటే విశాఖ గుల్ల. పలక లేకుండా నున్నగా ఉండి, లోపల ఊదారంగు మెరుస్తుంటే మైటెల్లా.

కాలువగట్టు
ఇప్పుడే తెరిచాను. నాలుగింట్లోనూ పలక లేదు. లోపల ఊదా, వంకాయ తొక్కలా.

గుల్లల_మాష్టారు
మైటెల్లానే. రాయదొరువు వైపు వెళితే నీళ్లలో పాతిన పాత కర్రలు, పడవల తాళ్లు చూడండి, ముందు వాటికే పడుతుంది. తేదీ, చోటు రాసిపెట్టండి.

కాలువగట్టు
ఆదివారం తమ్ముడి పడవలో వెళ్తున్నాను. ఈసారి బూట్లు నాకు.